నలభై ఎనిమిది గడపలు

ముందుగా, జరిగిన అన్యాయాల పట్టిక ఇస్తున్నాను. మొదటిది తప్ప మిగతావాటిని ఏ రోజుకు ఆ రోజే నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇక్కడ క్లుప్తం చేశాను, మార్చలేదు.

ఒకటి. 2024 ఏప్రిల్ 18, గురువారం. రైల్వే స్టేషను పక్కన కట్టిన మాడ్యులర్ అపార్ట్‌మెంటులో నాలుగో నంబరు ఇంటి గుమ్మానికి, ఇంట్లోవాళ్లను ఒక్క మాటైనా అడగకుండా, మూడంగుళాల ఎత్తు టేకు గడప బిగించారు. ఆ ఇంటి యజమాని చక్రాల కుర్చీలో తిరిగే మనిషి.

రెండు. మే 6, సోమవారం. గడప తీసివేయమని నేను నిర్మాణ సంస్థకు రాసిన మొదటి ఉత్తరానికి "విషయం పరిశీలనలో ఉన్నది" అని ఒకే ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. కింద సంతకం లేదు.

మూడు. జూన్ 10, సోమవారం. రెండో ఉత్తరానికీ అదే వాక్యం. ఈసారి నా పేరులో ఒక అక్షరం కూడా తగ్గింది.

నాలుగు. జూలై 22, సోమవారం. మూడో ఉత్తరానికి జవాబు ఫోనులో వచ్చింది. గడప తీస్తే భవనం మొత్తానికి ఇచ్చిన వారంటీ చెల్లదనీ, ఒక్క ఇంటి కోసం డిజైను మార్చడం కుదరదనీ ఎవరో చెప్పారు. అదే మాట కాగితం మీద పెట్టమన్నాను. లైను తెగిపోయింది.

ఐదు. ఆగస్టు 19, సోమవారం. నాలుగో ఉత్తరం "చిరునామాదారు లేరు" అన్న ముద్రతో తిరిగి వచ్చింది. అంతకుముందు మూడు ఉత్తరాలూ అదే చిరునామాకు చేరాయి.

ఈ పట్టికలో ఆరో అంశం ఒకటి ఉంది. అది నాకు సెప్టెంబరు దాకా తెలియలేదు కాబట్టి, తెలిసిన చోటనే చెబుతాను.

నా వృత్తి గురించి రెండు మాటలు. ముప్పై నాలుగేళ్లు కాలనీ ఇళ్లకు వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. పునాది లోతు, సిమెంటు పాళ్లు, ఇటుక తడి కొలిచి రాయడం ఆ ఉద్యోగం. పల్లెల్లో "ఇన్‌స్పెక్టరు గారొచ్చారు" అనగానే పోలీసు అనుకుని పేక ముక్కలు దాచేవారు. రిటైరైన తరువాత ఒక నిర్మాణ సంస్థ నన్ను క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా పెట్టుకుంది. కొలిచే కన్ను, రాసే చేయి బాగుంటే చాలన్నారు. చేయి బాగానే ఉంది. కంటికి మాత్రం శుక్లం మొదలైంది. ఆ సంగతిని కూడా నమోదు చేసి వారికి ముందే తెలియజేశాను.

అది 2024 జనవరి. గుంటూరు నుంచి సత్తెనపల్లి వైపు వెళ్లే రైలు దారిలో ఒక చిన్న స్టేషను. ప్లాట్‌ఫారం పక్కనే, ఒకప్పుడు పత్తి బేళ్లు దింపుకున్న ఖాళీ స్థలంలో, నాలుగు అంతస్తులు, నలభై ఎనిమిది ఇళ్లు రావాలి. కారు షెడ్లు లేవు. గుమ్మం ముందే రైలూ బస్సూ ఆగుతుంటే కార్లకు చోటెందుకన్నది ఆ నమూనా. కప్పు మీద సోలార్ పలకలు, నేల కింద వాననీటి తొట్టి. లోపలి గోడలకు, రైతులు చేలోనే తగలబెట్టే పత్తికట్టెను పొడి చేసి ఒత్తిన పలకలు. అన్నిటికంటే విశేషం, ఈ ఇళ్లను అక్కడ కట్టలేదు. ఫ్యాక్టరీలో కట్టి తెచ్చారు. కుళాయి, స్విచ్చి, కిటికీ, గచ్చు అన్నీ అమరి లారీ మీద వచ్చే పూర్తి గదిని మాడ్యూల్ అంటారు. రెండు మాడ్యూళ్లు పక్కపక్కన కలిపితే ఒక ఇల్లు.

ముప్పై నాలుగేళ్లు ఇల్లు నేలలోంచి మొలవడం చూసినవాణ్ణి. ఆకాశంలోంచి దిగడం అక్కడే చూశాను. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే లారీలు బయలుదేరేవి. మంచులో ముందు రెండు దీపాలు కనిపించేవి, తరువాత కిటికీ, ఆ తరువాత గది. కళ్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య నుంచి ఒక తెల్లటి గది నడక కంటే నెమ్మదిగా వచ్చేది. కాపలా పడుకున్న రైతులు దుప్పట్లోంచి లేచి, ఏమీ అడగకుండా, అది పోయినంత దూరం చూసి మళ్లీ పడుకునేవారు. తెల్లారాక దాన్ని కలలో చూశామని అనుకునేవారేమో. పత్తి చేల మీదుగా వచ్చినందువల్ల ప్రతి గది గోడకూ దూది పింజలు అంటుకుని ఉండేవి. వాటిని తుడిపించవలసిన బాధ్యత నాది. మొదటి రెండు మూడు గదులకు తుడిపించలేదు. కారణం రాయవలసిన గడిలో ఏమీ రాయలేదు. నా ఉద్యోగంలో ఖాళీగా వదిలిన గడి అదొక్కటే.

నాలుగో నంబరు ఇంటి మొదటి మాడ్యూల్‌ను క్రేను ఎత్తిన రోజున నా పుస్తకంలో ఇలా ఉంది: "ఉదయం 6.40. గది గాలిలో ఉంది. స్నానాల గది అద్దంలో ప్లాట్‌ఫారం, ఒక మేక, సగం సూర్యుడు కనిపించి పోయాయి. ఊగడం లేదు."

ఆ వాక్యాలు రాస్తుండగా కింద నుంచి ఒక గొంతు వినిపించింది.

"సార్, ఆ ఎగిరేది ఎన్నో నంబరు?"

స్టేషనుకు వెళ్లే వాలు దారి మొదట్లో, రేకు నీడన చేతి మిషను పెట్టుకుని, తెగిన సంచులూ జిప్పులూ కుట్టే మనిషి. పేరు సుభానీ. పొద్దున రైలెక్కేవాళ్లు పాడైన సంచి ఇచ్చి వెళ్లి, సాయంత్రం దిగేటప్పుడు బాగైంది తీసుకునేవారు. ఒకప్పుడు చిలకలూరిపేట దగ్గర జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. పత్తి బేలు జారి నడుము మీద పడింది. ఆరేళ్లుగా నడక లేదు. భార్య మస్తాన్‌బీ రోజూ మొదటి రైలుకు గుంటూరు వెళ్లి, మిరపకాయలకు తొడిమలు తీసే పని చేసి, సాయంత్రం రైలుకు తిరిగొస్తుంది.

"నాలుగో నంబరు" అన్నాను.

"అది మాదే సార్! లాటరీలో నాలుగొచ్చింది, కింద అంతస్తు." మిషను ఆపి తలెత్తి చూశాడు. "జనాలు ఇల్లు కట్టుకుంటారు, కొనుక్కుంటారు. ఇల్లు ఎగురుతుంటే కింద కూర్చుని బ్యాగుకి జిప్పు కుట్టినోణ్ణి నేనొక్కణ్ణే."

"కుట్టడం ఆపావు కదయ్యా."

"ఆపనా మరి? నా వంటగది అటు తిరిగిపోతోంది. చెప్పండి సార్ ఆ క్రేనాయనకి, కొంచెం ఇటు!"

ఆ ఇళ్లకు గడపలు లేవు. అది మరచిపోవడం కాదు. వరండా నుంచి గదిలోకి, గది నుంచి స్నానాల గదిలోకి, వరండా నుంచి వాలు దారి మీదుగా స్టేషను దాకా, ఎక్కడా అర అంగుళం ఎత్తు తేడా ఉండకూడదన్నది డిజైను. ఆ కొలతను నేనే ప్రతి ఇంట్లో స్పిరిట్ లెవెల్ పెట్టి చూశాను. స్పిరిట్ లెవెల్ అంటే గాజు గొట్టంలో ఒక బుడగ. నేల సమంగా ఉంటే బుడగ నడిమధ్యన నిలుస్తుంది. నలభై ఎనిమిది ఇళ్లలోనూ అది నిద్రపోతున్న పిల్లలాగా నడిమధ్యనే నిలిచింది.

ఏప్రిల్ 5న స్నాగ్ లిస్టు ఇచ్చాను. ఇల్లు అప్పగించే ముందు మిగిలిపోయిన చిన్న చిన్న లోపాల జాబితాను అలా అంటారు. ఫలానా ఇంట్లో కుళాయి కారుతోంది, ఫలానా తలుపుకు రంగు చాలలేదు, ఇటువంటివి. లోపాలు సర్దుతుండగానే జనం ఇళ్లలో చేరారు.

ఏప్రిల్ 7. రంజాన్ ఉపవాసాలు ఇంకా అయిపోలేదు. ఉదయం సుభానీ తన తలుపు తానే తీసుకుని, చక్రాలు తానే తిప్పుకుంటూ బయటికి వచ్చాడు. వరండా, వాలు దారి, రేకు నీడ. నేను టేపు పట్టుకుని వెనకే నడిచాను. రాసుకున్నది: "తలుపు నుంచి మిషను దాకా మూడు నిమిషాల పదకొండు సెకన్లు. తోసినవారు: ఎవరూ లేరు." ఆ వేళ స్టేషనులో రైలు లేదు, రోడ్డు మీద బస్సు లేదు. చక్రాల చప్పుడు కూడా లేదు. మనిషి కూర్చుని ఉండగానే లోకమే అతని వైపు జరుగుతున్నట్టు ఉంది.

మిషను దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "ఇంకోసారి వెళ్లొస్తా సార్" అన్నాడు. వెళ్లాడు. వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు మొత్తం మూడుసార్లు వెళ్లొచ్చాడు.

ఏప్రిల్ 9న నేను కంటి ఆపరేషనుకు వెళ్లాను. రెండు వారాలు పుస్తకం తెరవవద్దన్నారు. కట్టు కింద చీకటిలో మధ్యాహ్నాలు పడుకుని ఉంటే, నలభై ఎనిమిది ఇళ్లూ తీగలు లేకుండానే లేచి, మిరప చేల మీదుగా వరుసగా తేలుతూ పోతుండేవి. ప్రతి కిటికీలో ఎవరో ఒకరు కూర్చుని కిందికి చూసేవారు. నాకు అంత ప్రశాంతమైన రెండు వారాలు జీవితంలో లేవు. సరిగ్గా ఆ రెండు వారాల్లోనే గడపలు వచ్చాయి.

తిరిగి వెళ్లిన రోజు నాకు కొత్త కన్ను. మిరపకాయ అంత ఎరుపనీ, ఆకాశం అంత నీలమనీ ఎన్నో ఏళ్లుగా మరచిపోయాను. ఆ కంటితో వరండాలోకి అడుగుపెట్టగానే, ప్రతి గుమ్మం కిందా ఒక పసుపు పట్టీ, దాని మీద కుంకుమ బొట్లు, వరుసగా చివరి దాకా. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: ఒక్క క్షణం ఎంతో అందంగా ఉందనుకున్నాను. తరువాత నాలుగో నంబరు చూశాను. ఆ గడపకు పసుపు లేదు. తలుపు తెరిచి ఉంది. కుర్చీ ముందు చక్రాలు లోపలి వైపు నుంచి చెక్కకు ఆనుకుని, కట్టేసిన పడవలాగా ఆగి ఉన్నాయి. సుభానీ కుర్చీలో కూర్చుని వరండా చూస్తున్నాడు.

పక్క ఇల్లు, ఐదో నంబరు, కోటేశ్వరమ్మది. మిరప రైతు కుటుంబం. కూతురు గుంటూరులో నర్సింగు చదువుతోందని, రైలుకు దగ్గరని ఇక్కడ ఇల్లు తీసుకున్నారు. గడప లేని ఇల్లు ఇల్లే కాదని ఆమె మొదటి నుంచీ అంటూ ఉండేది. అందువల్ల విచారణ లేకుండా తీర్పు ఇచ్చాను.

"మీరే కదమ్మా వీటిని అడిగి పెట్టించింది?"

ఆమె చేతిలో చాట కింద పెట్టింది. "నేనడగటమేందండీ అన్నయ్య గారూ? అడిగితే ఇచ్చేవాళ్లయితే ముందు మేడ మీద వడియాలెండబెట్టుకోటానికి జాగా అడిగేదాన్ని, మొత్తం ఆ సోలారు పలకలే పరిచారు. వచ్చారు, బిగించారు, పోయారు. గడప లేకపోతే అది ఇల్లేంటి, బస్టాండు గానీ అని అన్న మాట నిజమే. అనటానికీ అడగటానికీ తేడా లేదా?"

"పసుపు రాసింది మీరు."

"నా గడపకి నేను రాసుకున్నా. వాళ్ల గడప ఎవరు రాశారో మీ పుస్తకంలో చూసుకోండి, అన్నీ రాస్తారుగా!"

వరండాలో అందరూ నవ్వారు. నేను పుస్తకం మూసి వచ్చేశాను.

గడపను పీకేయించవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. అక్కడ వృత్తిపరమైన చిక్కు ఉంది. నేల కింద మెంబ్రేన్ అనే నీరు దిగని పొర ఉంటుంది. గడప మేకులు దాన్ని చీల్చుకుని దిగాయి. దాన్ని అడ్డదిడ్డంగా పీకితే వాననీరు ఉక్కు చట్రంలోకి దిగి తుప్పు పడుతుంది. పైన మూడు అంతస్తులూ ఆ చట్రం మీదే ఉన్నాయి. బిగించినవారే విప్పి, పొరను మళ్లీ అతకాలి. వాలు పలక వేయవచ్చు కదా అంటారు. చక్రాల కుర్చీకి అంగుళం ఎత్తుకు అడుగు పొడవు వాలు కావాలి. మూడంగుళాలకు బయట మూడడుగులు, లోపల మూడడుగులు. వరండా వెడల్పే నాలుగడుగులు. మిగిలిన అడుగులో కుర్చీ తిరగదు, లోపల పలక ఉంటే తలుపు మూతపడదు. అయినా ఒక రోజు వేసి చూశాం. కుర్చీ పక్కకు ఒరిగింది. మస్తాన్‌బీ పట్టుకోకపోతే పడేవాడు.

ఉత్తరాలు మొదలుపెట్టాను. వాటి గతి పట్టికలో చెప్పాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం రేకు నీడన సుభానీ పక్కన కూర్చున్నాను. ఎండకు పట్టాలు కరిగి ప్రవహిస్తున్నట్టు ఉన్నాయి. ఇద్దరికీ టీ తెప్పించాను. వద్దన్నాడు. మజ్జిగ అన్నాను. అదీ వద్దన్నాడు.

"ఉపవాసాలు అయిపోయి నెలయింది కదయ్యా?"

నవ్వాడు. "ఇది గడప ఉపవాసం సార్."

అర్థం కాలేదు. అతను మిషను తిప్పుతూనే చెప్పాడు. "మస్తాన్‌బీ మొదటి రైలుకి పోయేముందు నన్ను ఎత్తి ఇక్కడ కూర్చోబెడుతుంది. మళ్లీ సాయంత్రం వచ్చి ఎత్తి లోపల పెడుతుంది. మధ్యలో నీళ్లు తాగితే బాత్రూంకి పోవాలి. పోవాలంటే గడప దాటాలి. అందుకని తాగను."

"పక్కవాళ్లను పిలవచ్చు కదా. కాదనరు."

"ఎవరూ కాదనరు సార్. కోటేశ్వరమ్మక్కయితే పిలవకముందే వస్తది. కానీ ఆరేళ్లు పిలిచాను. బాబాయ్ ఒక చెయ్యెయ్యి, అన్నా కొంచెం పట్టుకో. ఆ పదకొండు రోజులు మాత్రం ఎవర్నీ పిలవలా." దారం కొరికి తెంపాడు. "పదకొండు రోజులు సార్. లెక్కపెట్టుకున్నా. మీకొక్కళ్లకేనా లెక్కలు?"

ఆ రోజు నా టీ కూడా తాగలేకపోయాను.

జూన్‌లో ఒక ఆదివారం మొదటి వాన పడింది. పత్తికట్టె గోడలు తడి గాలికి చేను వాసన వేశాయి. నాలుగు అంతస్తుల్లోనూ జనం గోడల దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించి చూశారు. "మా నాన్న చేలో నిలబడ్డట్టుందండీ" అని కోటేశ్వరమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు గోడ దగ్గరే ఉండిపోయింది. ఆ వాసన వరండాలో తిరుగుతుండగా, వాన చూడటానికి బయటికి రానివాడు ఆ భవనంలో ఒక్కడే.

జూలైలో ఫోను వచ్చిన తరువాత, ఒక్క ఇంటికి మార్చడం కుదరదట, ఇళ్లన్నీ ఒకే తీరుగా ఉండాలట అని వరండాలో చెప్పాను. పైకి అనలేదు కానీ నా మనసులో ఉన్నది వేరు: నలభై ఎనిమిది గడపలూ తీయించేస్తే సరిపోతుందని. కోటేశ్వరమ్మ నా ముఖం చూసి ఆ మాట పట్టేసింది.

"నాది తియ్యనండీ అన్నయ్య గారూ. ముందే చెబుతున్నా. రోజూ పొద్దున దాన్ని కడిగి బొట్టు పెడితేనే నాకు ఇంట్లో ఉన్నట్టుంటది. ఆయనది తియ్యాలి. నాది ఉండాలి. రెండూ న్యాయమే. చెప్పుల కొట్టువాడు ఊరందరికీ ఒకే కొలత చెప్పులిస్తే ఊరుకుంటారా?"

గది ఫ్యాక్టరీలో ఒకే అచ్చున తయారవుతుంది కదా అన్నాను.

"గది అవుద్ది. గడప ఎవరిది వాళ్లదే. ఆ సంగతి ఫ్యాక్టరీకి తెలియకపోతే మీరు చెప్పాలి, ఇన్‌స్పెక్టరు గారేగా?"

సెప్టెంబరులో సైటు ఆఫీసు ఎత్తేస్తున్నారని తెలిసి వెళ్లాను. సైటు మేనేజరు రాఘవ ఫైళ్లు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. మంచివాడే, కానీ ఏ ప్రశ్నకైనా కాగితం వెనక నిలబడతాడు; గడపల సంగతి అడిగినప్పుడల్లా హెడ్డాఫీసుకే రాయమనేవాడు. ఎవరి ఆదేశం మీద గడపలు బిగించారో చూపించి వెళ్లమన్నాను. ఒక ఫైలు తీసి నా ముందు పెట్టాడు.

"సార్, ఇది మీ చేతిరాతేగా?"

నా చేతిరాతే. ఏప్రిల్ 5 స్నాగ్ లిస్టు మొదటి పేజీ. లోపాల జాబితా పైన, ముత్యాల్లాంటి అక్షరాలతో నేను రాసిన వాక్యం: "48 గడపలూ ఏప్రిల్ 20లోగా పూర్తి చేయవలెను."

మా ప్రాంతంలో ఇళ్లను గడపలతో లెక్కపెడతాం. ఎంత ఊరంటే రెండొందల గడపల ఊరంటాం. ముప్పై నాలుగేళ్లూ నా రిపోర్టుల్లో అలాగే రాశాను: ఇన్ని గడపలు పూర్తి, ఇన్ని గడపలు మిగులు. ఎవరూ పొరబడలేదు. కానీ ఈ పేజీ ఫోటో వేరే రాష్ట్రంలోని హెడ్డాఫీసుకు వెళ్లింది. అక్కడ ఎవరో దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. నా వాక్యం కింద టైపు చేసి ఉంది: గుమ్మం కింద చెక్క, సంఖ్య 48, ఏప్రిల్ 20లోగా బిగించవలెను. మరుసటి పేజీ టేకు చెక్కల ఆర్డరు.

"గడప అంటే ఇక్కడ కుటుంబమయ్యా" అన్నాను.

"నాకు తెలుసు సార్. మా అమ్మమ్మ కూడా అట్టాగే అనేది. కానీ కాగితం అక్కడికి పోయింది. అక్కడ డిక్షనరీ ఉంది, అమ్మమ్మ లేదు."

"తెలిసి ఎందుకు బిగించావు?"

"సామాను వచ్చేసింది. అడిగితే ఆలస్యం నా మీద పడుద్ది. అడక్కపోతే తప్పు మీ మీద పడుద్ది." తలెత్తకుండా అన్నాడు. "నేను అడగలేదు సార్."

కాబట్టి ఆరో అంశం. 2024 ఏప్రిల్ 5, శుక్రవారం. నలభై ఎనిమిది గడపలు కావాలని రాసిన వ్యక్తి: నేను. ఈ పంక్తిని నా పుస్తకంలో నమోదు చేయడానికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు, ఆదివారం మధ్యాహ్నం, నాలుగో నంబరు ఇంటికి వెళ్లాను. భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. లోపలికి రమ్మన్నారు. ఆ చెక్కను దాటి వెళ్లాలనిపించక బయటే నిలబడి, ఆ పేజీలో ఉన్నది చదివి వినిపించి, తప్పు నాదని చెప్పాను. ప్లాట్‌ఫారం మీద ఏదో రైలు చాలా నెమ్మదిగా వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. దాని కిటికీలు గోడ మీద ఒకదాని వెంట ఒకటి వెలుతురు ముక్కలుగా నడిచి పోయాయి.

మస్తాన్‌బీ అడిగింది. "అట్టా లెక్కపెడతారా సారూ ఇళ్లని? నలభై ఎనిమిదని?"

"పెడతాం అమ్మా."

"మమ్మల్ని కలిపేనా?"

"కలిపే. మీది నాలుగోది."

ఆమె భర్త వైపు చూసింది. "విన్నావా? పదేళ్లు గోడౌను వెనక రేకుల షెడ్డులో ఉన్నాం సారూ. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా గడపకొకళ్లని పిలిచేవాళ్లు. మా దాకా పిలుపు వచ్చేది కాదు. షెడ్డుకి గడప ఏముంది, మమ్మల్ని ఏ లెక్కలో పిలుస్తారు?" మళ్లీ నా వైపు తిరిగి అంది. "ఆ రాసింది కొట్టెయ్యబాకండి. చెక్క తీయించండి, చాలు."

"కొట్టేస్తే నలభై ఏడే అవుద్ది సార్" అన్నాడు సుభానీ. "మళ్లీ మీ లెక్క తప్పుద్ది." నవ్వించాలని అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

ఆ వాక్యాన్ని నేను కొట్టివేయలేదు. దాని కింద వివరణ రాసి సంతకం చేశాను.

ఈ వృత్తిలో ఇన్నేళ్లూ నేను నమ్మినది ఒకటే: సరిగ్గా రాస్తే చాలు, న్యాయం దానంతటదే జరుగుతుందని. ఈ కేసు నేర్పినది వేరు. రాసిన మాట కూడా లారీ మీద వెళ్లే గది లాంటిదే. చేరవలసిన చోట ఎవరైనా నిలబడి, అది సరిగ్గా దిగిందో లేదో చూడాలి. గదుల వెనక నేను నడిచాను. మాట వెనక నడవలేదు. స్టేషను పక్కన, పత్తికట్టె గోడలతో, గాలిలో ఎగిరి వచ్చే ఇళ్లు మన ప్రాంతానికి ఇంకా రావాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను. వాటిని పరీక్షించేవారు బుడగతో పాటు మనుషులను కూడా చూడాలని మాత్రం కోరుతున్నాను.

నిర్మాణ సంస్థవారికి. దీన్ని నా ఐదో ఉత్తరంగా స్వీకరించవలెను. ఏప్రిల్ 5 నాటి వాక్యం నాది. అస్పష్టంగా రాసిన తప్పును ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను. ఇంట్లోవాళ్లను అడగకుండా బిగించిన తప్పును, తెలిసిన తరువాత ఉంచిన తప్పును మీరు అంగీకరించవలెను. నాలుగో నంబరు ఇంటి గడపను ఏ తేదీన విప్పి, పొరను ఎవరు అతుకుతారో పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. తేదీ లేని జవాబు, సంతకం లేని జవాబు, "పరిశీలనలో ఉన్నది" అనే జవాబు చెల్లవు. జవాబును నాకు పంపనవసరం లేదు, పోస్టులో వేయనవసరం లేదు. మనిషి చేత నాలుగో నంబరు ఇంటికి పంపండి. వచ్చిన మనిషి వరండాలోనే నిలబడి షేక్ సుభానీ గారి పేరు పిలవాలి. ఆయన ఎవరి సాయమూ లేకుండా బయటికి వచ్చి, దాన్ని తన చేత్తో అందుకున్న రోజునే మీ జవాబు అందినట్టు నమోదు చేస్తాను.